సత్యవేడు బస్సుకూ చిత్తూరు బస్సుకూ మధ్య

మాట్లాడకూడదన్నారు. మాట్లాడితే బీపీ పెరుగుతుందట, అంకె తప్పు వస్తుందట. అందుకని చెల్లెలి కాళ్ళ దగ్గర ఇనుప స్టూలు మీద, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏనాడూ బడి గడప తొక్కని నేను బడిపిల్లలా కూర్చుని ఉన్నాను. రాఘవమ్మ వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది. ఎడమ చేతికి గ్లూకోజు సీసా, కుడి చేతికి బీపీ పట్టీ. ఐదు నిమిషాలకొకసారి ఆ పట్టీ తనంతట తానే బుసకొట్టి ఉబ్బుతుంది, చేతిని బిగించి పట్టుకుంటుంది, కాసేపాగి మెల్లగా వదిలేస్తుంది. నర్సు రూతు ఇప్పుడే చెల్లెలి పొట్ట మీద ఇన్సులిన్ సూది వేసి పత్తితో అద్దింది. "ఇంక గంటసేపు ఇద్దరూ బొమ్మల మాదిరి ఉండాల. నీకే చెప్తాండేది అవ్వా, పడుకున్న అవ్వ మంచిదే" అని నా వైపు వేలు చూపించి గాజు తలుపు వేసుకుని వెళ్ళింది. గోడ గడియారంలో ఏడూ ఐదు. పుత్తూరులో సత్యవేడు బస్సు కదిలే వేళ. ఇది తిరుపతి, ఆస్పత్రి మూడో అంతస్తు, ఆ హారను ఇక్కడికి ఎలా వినబడుతుంది? అయినా నా చెవిలో మోగింది.

మా ఇల్లు పుత్తూరు బస్టాండు వెనక సందులో. నలభై ఏళ్ళు ఆ బస్టాండులో ఉడకేసిన సెనక్కాయలు అమ్మాను. నాకు గడియారం అంటే బస్సులే. పొయ్యి రాజేయడం కార్వేటినగరం మొదటి బస్సుకు, గంప నెత్తినెత్తుకోవడం తిరుత్తణి బస్సుకు. అందుకే నా నోటుపుస్తకంలో అంకెల పక్కన గంటలు లేవు. స అని ఉంటుంది, చి అని ఉంటుంది. స అంటే సత్యవేడు బస్సు పోయినప్పుడు, అంటే సూది వేసినప్పుడు. చి అంటే చిత్తూరు బస్సు వచ్చినప్పుడు, ఎనిమిదికి కాస్త ముందు. ఈ రెంటి మధ్యే నా చెల్లెలు పడిపోతుంది. నలభై ఒక్క పొద్దులు రాశాను. పదకొండుసార్లు పడింది. పోయిన నెల మేము చూపించుకున్న పెద్ద డాక్టరు ఆ పుస్తకాన్ని చేత్తో కూడా తాకలేదు. సూది వేసుకుంటే షుగరు తగ్గుతుంది, తగ్గితే పడతారు, ఇందులో రాయడానికి ఏముందమ్మా అన్నాడు. ఇక్కడి శ్రీకరి డాక్టరు చిన్నపిల్ల, చేతికి రెండు సన్న గాజులు, నుదుట చిన్న నిలువు బొట్టు. పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. నేను రాసినదాన్ని ఒకరు చివరిదాకా చదవడం అదే మొదలు. "ఈ స ఏంటమ్మా, ఈ చి ఏంటి?" అని అడిగింది. చెప్పాను. నవ్వలేదు. "బస్సులు సమయానికే వస్తాయా?" అని మాత్రం అడిగింది. "సత్యవేడు బస్సు తప్పదు తల్లీ, చిత్తూరుది పది నిమిషాలు అటూ ఇటూ" అంటే, ఆ పది నిమిషాలు కూడా రాసుకుంది.

పట్టీ బుసకొట్టింది. నా చేతికే బిగిసినట్టుంది. తొమ్మిదికి మునికృష్ణ వస్తాడు. రాఘవమ్మ కొడుకు, తడ దగ్గర ఫ్యాక్టరీలో పని. మంచివాడు, తల్లంటే ప్రాణం, అదే నా భయం. పోయినసారి చెల్లెలు పొయ్యి దగ్గర పడి మణికట్టు విరిగి, మా ఊరి కట్టు కట్టించుకుని కూర్చున్నప్పుడు వాడు వచ్చాడు. ఆ కట్టు వైపు చూశాడు, నా మంచం మీద పడి ఉన్న పాత వారపత్రికల వైపు చూశాడు. "నువ్వు చదువుకుంటా కూసుంటే అమ్మకు టైముకు తిండి యాడ పడతాది పెద్దమ్మా? ఇంకొక్కసారి పడిందంటే నేను తీసకపోతా. ఆడ మంచం దిగనీకుండా సూసుకుంటాము" అన్నాడు. కసిరి అనలేదు, కండ్ల నీళ్ళతో అన్నాడు. మంచం దిగనీకుండా. తడ బస్సులో. వాడికి ఏమని చెప్పను? నేను టైముకే పెట్టాను, నీ తల్లి షుగరు తగ్గి పడటం లేదు నాయనా, ఇంకేదో జరుగుతోంది అని చెప్పడానికి నా దగ్గర ఒక నోటుపుస్తకమూ, బస్సుల పేర్లలోని మొదటి అక్షరాలూ తప్ప ఏమున్నాయి?

తడ. ఆ రెండక్షరాలే నాకు మొదటి చదువు. పదిహేడేళ్ళ రాఘవను తిరుమలయ్యకు ఇచ్చి పంపినప్పుడు, రేకు పెట్టె బస్సు పైకెక్కించి, కిటికీలో చెయ్యి పట్టుకుని ఎంత దూరం నడిచానో గుర్తు లేదు, చెయ్యి జారిపోయినప్పుడు నా కళ్ళకు కనబడింది వెనక బోర్డు మీద రెండు తెల్ల అక్షరాలు. చెల్లెల్ని తీసుకుపోయిన గుర్తులు అవి. మరుసటి రోజు నుంచి ప్రతి బస్సు మీదా వాటికోసం వెతికాను. తిరుపతి బస్సులో మొదటి అక్షరం మన దానిలాగే ఉంది, నెత్తిన గుడి ఒకటి ఎక్కువ. చివరా అలాంటిదే. కండక్టర్లను అడిగాను. ఒకాయన నవ్వేవాడు, ఒకాయన సెనక్కాయలు నములుతూ చెప్పేవాడు. అట్లా తిరుపతి వచ్చింది, పుత్తూరు వచ్చింది, సత్యవేడులో రెండు కొత్తవి దొరికాయి. కార్వేటినగరం ఒక్కటే నెల పట్టింది. తరవాత పొట్లం కాగితాలు. కిలోల లెక్కన కొన్న పాత పత్రికలు చింపి పొట్లం చుట్టేముందు చదివేదాన్ని. ఏ కథకూ మొదలు ఉండేది కాదు, చివర ఉండేది కాదు. రైలు దగ్గర నిలబడిన ఆడమనిషి ఏమైందో తెలియకముందే కాగితం అయిపోయేది, ఎవరో పదిమంది చేతుల్లో ఆ మిగతా ముక్కలు సెనక్కాయలతో పాటు బస్సెక్కి పోయేవి. నా మొగుడు కూడా అంతే. మద్రాసులో పని ఉందని తిరుత్తణి బస్సెక్కాడు, టీ తాగి ఎక్కు అన్నాను, వచ్చినాక తాగుతా అన్నాడు. ఆ కథ మిగతా ముక్క నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

తలుపు తెరుచుకుంది. రూతు వచ్చి చెల్లెల్ని లేపి నిలబెట్టింది. ఇరవై నిమిషాలు. సూదికి ముందు నిలబెడితే బీపీ పై అంకె నూట పదిహేడు. ఇప్పుడు నూట ఎనిమిది. వేలు గుచ్చి షుగరు చూసింది, నూట నలభై ఒకటి. సూది షుగరును లాగుతుంటే సీసాలోంచి గ్లూకోజు ఎక్కుతోంది, షుగరు తగ్గనే తగ్గకుండా చూస్తున్నారు. అప్పుడు గానీ దేని తప్పో తేలదట. నిన్న ఇదే మంచం మీద సూది లేకుండా ఇదే గంట చూశారు. ఎన్నిసార్లు నిలబెట్టినా నూట పదహారు కంటే కిందికి దిగలేదు. నిన్న రాఘవమ్మ బాగానే ఉంది, నాకే నిద్ర పట్టలేదు. బాగుంటే నా పుస్తకం అబద్ధమా అని.

ఆమె మళ్ళీ పడుకుని నా వైపు చూసింది. భుజాలు ఎగరేసి, మెడ వెనక నొప్పి అన్నట్టు కళ్ళు మూసింది. ఆ నొప్పి నాకు తెలుసు, నా పుస్తకంలో ఉంది. పడేముందు మెడ, భుజాలు, బండలా బరువు అంటుంది. తరవాత కళ్ళకు చీకట్లు. ఇరవై రెండేళ్ళ షుగరు. పాదాల్లో ముల్లు దిగినా తెలియదు, ఎండాకాలంలో కూడా కాళ్ళకు చెమట పట్టదు. పదేళ్ళ కిందట, తిరుమలయ్య పోయిన ఏడాది, తడ బస్సులోంచి రెక్సిను సంచీతో దిగింది. తీసుకుపోయిన బస్సే తెచ్చి ఇచ్చింది. చంకలో ఒక థర్మాసు. "ఏముండాదే దాంట్లో, కాఫీ తెచ్చినావా అక్కకు?" అన్నాను. "నా ప్రాణం ఉండాది. యాడ పెడతావో పెట్టు" అంది. ఇసకలో కుండ పాతి, తడిగుడ్డ చుట్టి, ఆ ఇన్సులిన్ సీసాను అందులో పెట్టాను. పదేళ్ళూ ఆ కుండకు నీళ్ళు చల్లని పొద్దు లేదు.

సూది వేసుకున్నాక ముప్పావు గంటకు తినాలి. ఆ ముప్పావు గంటలో మా రాఘవమ్మ చేసే పని సంగటి కెలకడం. ఇంకెవరినీ తెడ్డు ముట్టనివ్వదు. నేను కెలికితే ఉండలు కడుతుందట. పొయ్యి గట్టు ముందు నిలబడి, ఆవిరి మొహాన కొడుతుండగా, రెండు చేతులా తెడ్డు తిప్పుతుంది. అక్కడే పడేది. మొదటిసారి పడినప్పుడు నేను పరిగెత్తి గ్లాసులో చక్కెర కలిపి నోట్లో పోశాను. కళ్ళు తెరిచింది. సందులో అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ తరవాత ప్రతిసారీ అదే. చిన్న ఆస్పత్రిలో నెలకోసారి పరీక్ష చేస్తే షుగరు పెరిగిందనేవారు, సూది మందు రెండు గీతలు పెంచేవారు. పెంచితే ఇంకా ఎక్కువ పడేది. పడితే నేను ఇంకా చక్కెర పోసేదాన్ని. ఆరు నెలలు. నా చేతులతో పోశాను. ఈ సంగతి మునికృష్ణకు చెప్పలేదు, దేవుడికి కూడా నిదానంగా చెప్పాను.

చక్కెర డబ్బా ఖాళీ అయిన రోజే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. పక్కింటికి పరిగెత్తబోతూ, ఎదురుగా షుగరు చూసే మీటరు కనబడి, ఎందుకో వేలు గుచ్చాను. రెండు వందల పన్నెండు. మీటరు చెడిందనుకుని నా వేలు గుచ్చుకున్నాను. తొంభై ఆరు. నేను ఆ రెండు అంకెల వైపూ చూస్తూ కూర్చుని ఉండగానే, నోట్లో ఏమీ పోయకుండానే, నేల మీద పడుకుని ఉన్న మనిషి కళ్ళు తెరిచింది. "ఏందే అట్లా సూస్తాండావు? సంగటి మాడతాండాది, దించు" అంది. చక్కెర లేపలేదు. పడుకోవడమే లేపింది. అయితే ఇన్ని రోజులూ నేను పోసింది ఏమిటి? ఆ పొద్దే మందుల షాపులో బీపీ మిషను కొన్నాను. పడుకోబెట్టి ఒకటి, నిలబెట్టి ఒకటి. స దగ్గర రెండు, చి దగ్గర రెండు. వచ్చిన అంకెలు చూసి మళ్ళీ మళ్ళీ కొలిచాను. స దగ్గర నిలబడితే నూట పద్దెనిమిది. చి దగ్గర ఎనభై. షుగరు మాత్రం ఎప్పుడూ నూట యాభైకి పైనే. సూది మాన్పించాలనిపించింది, మాన్పించలేదు. తెలియనిదాన్ని ఒకసారి నా చేత్తో చేసి ఆరు నెలలు చెడగొట్టాను. ఈసారి రాయడం ఒక్కటే చేశాను. ఇంకొక పని కూడా చేశాను. తెడ్డు లాక్కున్నాను. అయినా పొయ్యి పక్కన నిలబడి నాకు వంకలు పెట్టడం మానలేదు, పడటమూ మానలేదు. "నీ సంగటి తినేదానికంటే పడేదే మేలు" అని నలభై రోజులూ దెప్పింది.

శ్రీకరి డాక్టరు నిన్న కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మనం నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగుతుంది, లోపలి నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి పైకి నెడతాయి, గుండెను తొందర పెడతాయి, మనకు తెలియకుండానే. ఇన్సులిన్ ఆ నాళాలను కొంచెం వదులు చేస్తుంది. అందరికీ చేస్తుంది. అందరి నరాలూ మళ్ళీ బిగిస్తాయి కాబట్టి ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళ షుగరులో మీ చెల్లెలికి ఆ బిగించే నరాలు దెబ్బతిన్నట్టున్నాయి, నిజమో కాదో చూడాలి అంది. నాకు సెనక్కాయల గోతాం కనబడింది. మూట నిలబెడితే కాయలన్నీ అడుక్కి దిగుతాయి, పై సగం ఖాళీ గుడ్డలా వాలిపోతుంది, అందుకని నడుము దగ్గర ఒక తాడు బిగిస్తాం. నా చెల్లెలికి ఆ తాడు లేదు. సూది మందు ఉన్న కాస్త ముడీ వదులు చేస్తోంది. ఈ మాట పైకి అన్నాను. డాక్టరు పెన్ను ఆపి, "మా పిల్లలకు పాఠంలో ఇదే చెప్తానమ్మా" అంది. ఎవరి పిల్లలకు అని అడిగాను. డాక్టరు చదువు చదివేవాళ్ళకట. ఆ మాట పట్టుకునే రాత్రంతా గడిపాను, చెల్లెలికి చెప్పకుండా, నోట్లో బెల్లం ముక్కలా.

మళ్ళీ నిలబెట్టారు. నలభై నిమిషాలు. తొంభై నాలుగు. షుగరు నూట ముప్పై ఎనిమిది. రూతు అంకె చూసి నా వైపు చూసింది. నా గుండె దడదడలాడుతోంది, చెల్లెలి గుండె మాత్రం పడుకున్నా ఎనభై ఎనిమిదే, నిలబడినా ఎనభై ఎనిమిదే. తొందర పెట్టేవాళ్ళు లేరు దానిని. ఇంక ఇరవై నిమిషాలు. అప్పుడు తెలిసింది నాకు, నేను దేనికోసం ఎదురు చూస్తున్నానో. నా పుస్తకం నిజం కావాలంటే రాఘవ పడాలి. తగ్గాలి తగ్గాలి అని ఆ అంకెను మనసులో తోస్తున్నది నేనే. కిటికీలో చెయ్యి పట్టుకుని నడిచిన నేను. పడకపోతే ఎంత బాగుంటుంది, పడకపోతే మునికృష్ణ మాటే నిజం అవుతుంది, తడ బస్సు నిజం అవుతుంది. పడితే నాతో ఉంటుంది. ఇలాంటి కోరిక ఏ అక్కయినా కోరిందా? ఎంకటేశ్వరా, అంకెను పడెయ్యి, మనిషిని పడెయ్యకు. రాఘవమ్మ కాలి బొటనవేలు నా చేతికి తగిలింది. పట్టుకున్నాను. దానికి స్పర్శ తెలియదని తెలుసు, అయినా పట్టుకున్నాను.

ఎనిమిదీ ఐదు. డాక్టరే వచ్చింది. రూతు ఒక పక్క, డాక్టరు ఒక పక్క నిలబెట్టారు. ఒక నిమిషం. చెల్లెలి మెడ కుంగింది. రెండో నిమిషం, పెదవులు పాలిపోయాయి, పట్టీ బుసకొట్టింది, ఆ బుస ఎంతకీ ఆగదు, అంకె దొరక్క వెతుక్కుంటున్నట్టు. నేను స్టూలు మీంచి ఎప్పుడు లేచానో తెలియదు. మోకాళ్ళు మడతపడుతున్నప్పుడు దాని నడుము నా రెండు చేతుల్లో ఉంది, డెబ్భై ఏళ్ళ చేతుల్లో, సెనక్కాయల గంప నలభై ఏళ్ళు మోసిన చేతుల్లో. రూతు చంకల కింద పట్టింది. మంచం మీద పడుకోబెట్టాం. కాళ్ళు ఎత్తి దిండు పెట్టారు. షుగరు నూట ముప్పై ఆరు. ఎవరూ చక్కెర తేలేదు. తరవాత రాఘవమ్మ కళ్ళు తెరిచి, మాట్లాడకూడదన్న సంగతి మరిచి, నన్నే వెతికింది.

"అక్కా, పడినానా?"

"పడలేదు. పట్టుకున్నాము."

"ఎంత వచ్చిందంట?"

"డెబ్భై ఎనిమిది."

"నీ పుస్తకంలో ఎంత రాసినావు?"

"ఎనభై."

"రెండు తప్పినావే," అని కళ్ళు మూసుకుంది, నవ్వుతూ.

శ్రీకరి డాక్టరు నా పుస్తకాన్ని తన కాగితాల పక్కన పెట్టి వేలితో ఒక్కొక్క వరస చూసుకుంటోంది. స పక్కన నూట పదిహేడు, నూట పద్దెనిమిది. చి పక్కన డెబ్భై ఎనిమిది, ఎనభై. "పెద్ద మిషనుతో మాకు వచ్చిందీ, మీ బస్సులతో మీకు వచ్చిందీ ఒకటేనమ్మా" అంది. ఆ మాట విని కొంగు నడుముకు దోపి నిటారుగా నిలబడ్డాను. గర్వమే. పొట్లం కాగితాల నుంచి ఇంత దూరం వచ్చాను.

మునికృష్ణ తొమ్మిదికి వచ్చాడు, నిద్ర లేని కళ్ళతో, తల్లి మందుల కోసం ఒక కొత్త సంచీ కొనుక్కుని. డాక్టరు వాడిని కూర్చోబెట్టి చెప్పింది. మీ అమ్మ తిండి లేక పడటం లేదు, షుగరు తగ్గి పడటం లేదు. ఇన్సులిన్ మాత్రం మానకూడదు, మందు తగ్గించి వేళ మారుస్తాం, సూది వేసుకున్నాక గంటన్నర నిలబడకూడదు, మంచం తలవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చెయ్యాలి. కళ్ళు తిరిగితే వెంటనే పడుకోబెట్టి మీటరు చూడాలి, షుగరు నిజంగా తక్కువుంటేనే చక్కెర, తక్కువుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. మంచానికి కట్టేస్తే ఈ జబ్బు ఇంకా ముదురుతుంది, వేళ చూసుకుని తిరగాలి. "ఆ వేళ చూడటం మీ పెద్దమ్మకు తెలిసినంత నాకు కూడా తెలియదు" అంది. అప్పుడు నేను, వాడు అడగకముందే, ఆ ఆరు నెలల చక్కెర సంగతి చెప్పేశాను. వాడు నోటుపుస్తకం తీసుకుని, పడింది పడింది అని నేను పదకొండుసార్లు రాసిన చోట్ల వేలు పెట్టి చదివాడు.

"అయితే నేను ఏం చెయ్యాల పెద్దమ్మా?"

"తడ బస్సు పదీ పదికి ఉండాది నాయనా. ఒక్క టికెట్టే తీసుకో."

మంచం మీది నుంచి రాఘవమ్మ, "పొయ్యేలోపల మీ పెద్దమ్మకు సంగటి కెలికేది నేర్పించి పోరా" అంది. మునికృష్ణ నవ్వి, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుని, కొత్త సంచీ నా చేతికిచ్చాడు.

వాళ్ళు మాట్లాడుకుంటుండగా నేను పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. నలభై ఒక్క వరసల కింద నలభై రెండోది రాశాను. స దగ్గర నూట పదిహేడు. చి దగ్గర డెబ్భై ఎనిమిది. చివరి గడిలో ఇన్నాళ్ళూ రెండే మాటలు రాసేదాన్ని, పడింది, లేకపోతే పడలేదు. పెన్ను కాసేపు ఆగింది. పట్టుకున్నాము అని రాసి, కింద మొదటిసారి నా పేరు పెట్టాను. గంగులమ్మ, పుత్తూరు.